విజేత పేరు మోస్తున్న విత్తనం

హైదరాబాద్ చందానగర్‌లోని ఒక ఇంట్లో, పొద్దున్నే వంటగది గట్టు మీద గాజు గ్లాసులో నానుతున్న నల్లని గింజలను చూసి, జహీరాబాద్ దగ్గరి పల్లె నుండి కొడుకు వద్దకు వచ్చిన రిటైర్డ్ టీచరమ్మ వాటికి తనకు తెలిసిన పేరే పెట్టారు.

"సబ్జాలు నానబెట్టినవా బిడ్డా? ఎండలు ఇంకా ముదరనే లేదు గద!"

"సబ్జాలు గాదు అత్తమ్మా, చియా. బరువు తగ్గుతరు, షుగర్ రాదు, బీపీ తగ్గుతది. మీరు గూడ తాగాలె," అంది కోడలు.

చూడడానికి రెండూ ఒకటే. నీటిలో పడితే రెండింటి చుట్టూ జిగురు పొర ఏర్పడుతుంది. సబ్జా కొద్ది నిమిషాల్లోనే ఉబ్బుతుంది, చియాకు మరికొంత సమయం కావాలి. రెండూ తులసి కుటుంబానికి చెందినవే. కానీ సబ్జా కిరాణా కొట్టులో పొట్లం కట్టి ఇచ్చే సరుకు. చియా మాత్రం నిగనిగలాడే ప్యాకెట్‌లో, ఇంగ్లీషు అక్షరాలతో, సూపర్ ఫుడ్ అన్న బిరుదుతో వచ్చింది. ముప్ఫై ఏళ్ళ పాటు ప్రభుత్వ పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం బోధించిన ఆ పెద్దావిడ ప్యాకెట్ వెనుక రాసి ఉన్నదంతా చదివారు. 'మాయన్ భాషలో చియా అంటే బలం. అజ్టెక్ యోధులు ఒక్క చెంచాడు గింజలతో రోజంతా యుద్ధం చేసేవారు' అని అందులో ఉంది. స్పెయిన్ సేనాని హెర్నాన్ కోర్టెజ్ గురించి పదో తరగతి పిల్లలకు ఎన్నో సార్లు చెప్పిన ఆవిడకు సహజంగానే ఒక సందేహం కలిగింది. అంత బలమైన గింజ తిన్న వాళ్ళు అంత త్వరగా ఎలా ఓడిపోయారు?

ఈ ప్రశ్నకు సమాధానం గింజలో లేదు, చరిత్రలో ఉంది.

చియా అన్న మాట మాయన్లది కాదు. మధ్య మెక్సికోలో అజ్టెక్‌లు మాట్లాడిన నహువాట్ భాషలోని 'చియన్' నుండి వచ్చింది. నూనె గలది అని దాని అర్థంగా చెబుతారు. మొక్కజొన్న, బీన్స్, తోటకూర జాతికి చెందిన అమరాంత్ గింజలు, చియా - ఈ నాలుగూ ఆ సమాజపు ఆహారానికి మూలస్తంభాలు. చియాను వేయించి పిండి చేసి మొక్కజొన్న పిండిలో కలిపేవారు. నీళ్ళలో నానబెట్టి పానీయంగా తాగేవారు. వైద్యంలోనూ, దేవతలకు నైవేద్యంగానూ వాడేవారు. గింజ నుండి తీసిన నూనె గాలికి త్వరగా ఆరి గట్టిపడుతుంది కనుక దానిని రంగుల్లో కలిపి కర్ర పాత్రలకూ, బుర్రలకూ మెరుగు పెట్టేవారు. మెక్సికోలోని ఒలినాలా పట్టణంలో లక్క పని కళాకారులు ఈనాటికీ చియా నూనెను వాడుతున్నారు. 16వ శతాబ్దంలో స్పానిష్ మతాచార్యుడు బెర్నార్డినో డి సహగున్ స్థానిక నహువా పండితుల సహాయంతో సంకలనం చేసిన గ్రంథంలో ఈ వాడుకలు అనేకం నమోదు అయ్యాయి.

అంటే చియా యోధుల రహస్య మందు కాదు. సామాన్య రైతు పంట. అంతకు మించి, పన్ను. స్పానిష్ ఆక్రమణ తర్వాత తయారైన మెండోసా కోడెక్స్‌లో అజ్టెక్ రాజ్యానికి లోబడిన ప్రాంతాలు చెల్లించిన కప్పం వివరాలు బొమ్మల రూపంలో ఉన్నాయి. దాని ప్రకారం 38 ప్రాంతాల్లో 21 ప్రాంతాలు ఏటా చియాను కప్పంగా కట్టాయి. ఏ రాజ్యమైనా రైతు గాదె నుండే యుద్ధానికి బయలుదేరుతుంది. అజ్టెక్ యోధుడు తిన్న చియా కూడా ఓడిపోయిన ఇరుగు పొరుగు తెగల రైతుల చేలల్లో పండినదే. కోర్టెజ్ 1519లో తీరంలో దిగినప్పుడు ఆ తెగల్లో కొన్ని అతని పక్షం వహించాయి. టీచరమ్మ సందేహానికి సమాధానంలో ఒక భాగం ఇది. రెండో భాగం మశూచి. 1520లో ఆ రోగం రాజధాని టెనోచ్‌టిట్లాన్‌ను కబళించింది. 1521లో నగరం కూలిపోయింది.

ఆక్రమణదారులు చియాను ఒక్క ఫర్మానాతో నిషేధించారని అమ్మకందారులు కథలు చెబుతారు. జరిగినది అంతకంటే నిదానమైనది, అంతకంటే క్రూరమైనది. అంటురోగాలతో జనం లక్షల్లో చనిపోయారు. సాగు చేసే చేతులు కరువయ్యాయి. మిగిలిన భూముల్లోకి గోధుమలు, చెరకు, పశువుల మందలు ప్రవేశించాయి. పాత దేవతలతో ముడిపడిన గింజలను చర్చి అనుమానంగా చూసింది. పాలకుల భోజనం గౌరవనీయమైన భోజనం అయింది. పాలితుల భోజనం పేదరికానికి గుర్తుగా మారింది. చియా కొండ ప్రాంతాల్లో, మారుమూల పల్లెల్లో, నిమ్మరసంతో కలిపిన చల్లని పానీయంగా బతికింది.

చివరికి దాని పేరు కూడా దానికి మిగలలేదు. 1753లో స్వీడిష్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ మొక్కలన్నింటికీ శాస్త్రీయ నామాలు పెడుతూ, అప్పటికే యూరప్ చేరిన ఈ మొక్కకు 'సాల్వియా హిస్పానికా' అని పేరు పెట్టాడు. హిస్పానికా అంటే స్పెయిన్‌కు చెందినది అని అర్థం. కప్పం కట్టిన వాడి పంట, కొల్లగొట్టిన వాడి పేరుతో ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది. ఆ పేరు ఇప్పటికీ మారలేదు.

ఈ కథనంతా ఫోన్‌లో వెతుక్కుని చదివిన టీచరమ్మ కోడలికి చెప్పారు. కోడలు నవ్వి, "పేరుదేముంది అత్తమ్మా, పనిజేస్తే సాలదా," అంది. న్యాయమైన ప్రశ్నే. కనుక అది చేసే పని ఏమిటో చూడాలి.

100 గ్రాముల చియాలో సుమారు 34 గ్రాముల పీచు, 17 గ్రాముల మాంసకృత్తులు, 31 గ్రాముల కొవ్వు ఉంటాయి. ఆ కొవ్వులో సగానికి పైగా ఒమేగా-3 వర్గానికి చెందిన ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. కాల్షియం 600 మిల్లీగ్రాముల పైన ఉంటుంది. ఇవన్నీ మంచి అంకెలే. కానీ ఎవరూ 100 గ్రాములు తినరు. ఒక పెద్ద చెంచా 12 గ్రాములు తూగుతుంది. దాని నుండి వచ్చే పీచు సుమారు 4 గ్రాములు. పెద్దవాళ్ళకు రోజుకు కావలసిన పీచు 30 గ్రాముల వరకు ఉంటుంది. ఇక మొక్కల నుండి వచ్చే ఒమేగా-3ని, చేపల్లో నేరుగా దొరికే రూపాల్లోకి మన శరీరం చాలా కొద్దిగా మాత్రమే మార్చుకోగలదు.

పరిశోధనలు కూడా ఈ స్థాయిలోనే మాట్లాడుతున్నాయి. 2007లో టొరంటో పరిశోధకులు టైప్-2 మధుమేహం ఉన్న 20 మందికి 12 వారాల పాటు రోజుకు సుమారు 37 గ్రాముల చియా ఇచ్చి చూస్తే రక్తపోటులో పై అంకె 6 పాయింట్లు తగ్గింది. 2009లో అమెరికాలో అధిక బరువు ఉన్నవాళ్ళకు రోజుకు 50 గ్రాములు 12 వారాలు ఇచ్చినా బరువు తగ్గలేదు. 2017లో టొరంటోలోనే తక్కువ కేలరీల ఆహారంతో కలిపి 6 నెలలు ఇచ్చినప్పుడు సుమారు 2 కిలోలు తగ్గారు. ఇందులో ప్రయోజనం ఉంది. అద్భుతం లేదు. 2007 నాటి పరిశోధనలో పాల్గొన్న 20 మందీ తమ మామూలు వైద్యాన్ని మానకుండానే చియా తిన్నారన్నది అన్నింటి కంటే ముఖ్యమైన వివరం. వాట్సాప్‌లో తిరిగే వీడియోల్లో కనిపించనిది సరిగ్గా ఈ వివరమే.

టీచరమ్మ విషయంలో ఆ లోపమే ప్రమాదానికి దారి తీసింది. చరిత్ర దగ్గర అంత జాగ్రత్తగా ఉన్న మనిషి సొంత ఒంటి దగ్గర ఏమరుపాటుగా ఉండిపోయారు. తమ కాలనీ మిత్రురాలు పంపిన వీడియోలో తెల్ల కోటు వేసుకున్న ఒకాయన 'నలభై రోజులు చియా తాగితే బీపీ గోలీలతో పని లేదు' అని చెప్పగా, ఎవరికీ చెప్పకుండా గోలీలు మానేశారు. మూడో వారంలో ఒక ఉదయం లేవగానే తల దిమ్మెక్కి గోడ పట్టుకున్నారు. కోడలు బస్తీ దవాఖానాకు తీసుకువెళ్ళింది. రక్తపోటు పై అంకె 190 దాటి ఉంది. డాక్టరమ్మ యువతి. ఆమె మందలించలేదు. "గింజలు తాగుండ్రి మేడమ్, మంచిదే. గోలీలు మాత్రం ఆపొద్దు. గింజ తిండి, గోలీ మందు. రెండూ ఒకటి గావు," అన్నది. రక్తం పలుచబడడానికి మందులు వాడేవారు, మింగడం కష్టమైన వారు ముందుగా డాక్టర్‌ను అడగాలని, పొడి గింజలను ఎన్నడూ నోట్లో వేసుకోరాదని కూడా చెప్పింది. ఆ జాగ్రత్త ఊరికే చెప్పినది కాదు. పొడి గింజలు మింగి నీళ్ళు తాగిన ఒక వ్యక్తికి అవి అన్నవాహికలోనే ఉబ్బి అడ్డుపడిన ఉదంతాన్ని అమెరికా వైద్యులు 2014లో ఒక సదస్సులో వివరించారు. చియా తన బరువుకు పది రెట్లకు పైగా నీటిని పీల్చుకోగలదు మరి.

కోడలు ఆ రాత్రి చాలాసేపు ఏడ్చింది. అత్తగారికి హాని తలపెట్టి ఇచ్చిన గ్లాసు కాదు అది. ప్రేమతో ఇచ్చినది. ఆ ప్రేమకు ఉత్పత్తిని అంటగట్టి, ఉత్పత్తికి అబద్ధాన్ని అంటగట్టిన వ్యాపారం మాత్రం ఎవరికీ జవాబు చెప్పుకోవలసిన అవసరం లేకుండా సాగిపోతోంది.

ఈ వ్యాపారం ఎలా పుట్టింది? 1980లలో అమెరికన్లకు చియా ఒక ఆట వస్తువు. మట్టి బొమ్మ మీద గింజలు అతికించి నీళ్ళు పోస్తే జుట్టు మాదిరిగా మొలకలు వచ్చేవి. టీవీ ప్రకటనలతో ఆ బొమ్మలు బాగా అమ్ముడుపోయాయి. 1991లో అర్జెంటీనా వాయవ్య ప్రాంత రైతులకు ప్రత్యామ్నాయ పంటల కోసం మొదలైన ఒక పరిశోధనా పథకం చియాను వాణిజ్య పంటగా మలిచింది. అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన వేన్ కోట్స్, అర్జెంటీనా వ్యవసాయ శాస్త్రవేత్త రికార్డో అయెర్జా ఇందులో ముఖ్యులు. 2009లో యూరోపియన్ యూనియన్ రొట్టెల్లో 5 శాతం మేరకు చియాను అనుమతించింది. అదే ఏడు క్రిస్టఫర్ మెక్‌డూగల్ రాసిన పుస్తకం ఒకటి మెక్సికోలోని చివావా రాష్ట్రపు లోయల్లో నివసించే రరామురి ఆదివాసీల పరుగు గురించి ప్రపంచానికి చెప్పింది. వందల కిలోమీటర్లు పరిగెత్తే ఆ ఆదివాసీలు చియా, నీరు, నిమ్మరసం కలిపి తాగే పానీయం రాత్రికి రాత్రి ప్రసిద్ధి అయింది.

ఆ తర్వాత జరిగిన దానిని ప్యాకెట్ల మీద ఎవరూ అచ్చు వేయలేదు. 2011లో చివావాలో తీవ్రమైన కరువు వచ్చింది. 2012 జనవరి నాటికి అదే రరామురి ప్రజలు ఆకలితో అలమటిస్తూ సహాయ శిబిరాల నుండి వచ్చే తిండి మూటల కోసం ఎదురు చూశారు. తమ కాళ్ళ బలం చూపించి ప్రపంచమంతా అమ్ముడుపోయిన గింజ వారి గాదెను నింపలేదు. లాభం వచ్చే చియా అప్పటికే దూర దేశాల పెద్ద కమతాల్లో పండుతోంది. ఒక జాతి తిండికి విలువ పెరగడం, ఆ జాతికి తిండి దొరకడం వేరు వేరు విషయాలు. ఈ రెండింటికీ మధ్య ఉన్న ఖాళీని మార్కెట్ తనంతట తాను పూడ్చదు.

ఇండియాకు ఈ పాఠం దూరపు చుట్టం కాదు. మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ గత దశాబ్దంలో చియా సాగు పద్ధతులను కర్ణాటక రైతులకు అందించింది. మైసూరు, చామరాజనగర్ జిల్లాల్లో మొదలైన సాగు మధ్యప్రదేశ్‌కు, మరికొన్ని రాష్ట్రాలకు విస్తరించింది. నీమచ్ మండీలో ఇప్పుడు చియా రోజువారీ సరుకు. 2021లో ప్రధాని తన 'మన్ కీ బాత్' ప్రసంగంలో ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ చియా సాగును ఆత్మనిర్భరతకు ఉదాహరణగా ప్రస్తావించారు. తక్కువ నీటితో పండడం, పశువులు పెద్దగా ముట్టకపోవడం రైతుకు అనుకూలాంశాలే. అయితే కనీస మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో చియా లేదు. పట్నం వాళ్ళ మోజు ఉన్నన్నాళ్ళు ధర ఉంటుంది. మోజు మరో గింజ మీదికి మళ్ళితే నష్టం రైతుదే.

జాబితాలో లేని మరో గింజ కూడా ఉంది. అది అవిసె. దవాఖానా నుండి వచ్చిన మరునాడు టీచరమ్మకు అదే గుర్తుకు వచ్చింది. ఆవిడ చిన్నతనంలో యాసంగి శనగ చేను అంచుల వెంట నీలి పూలతో అవిసె ఉండేది. తల్లి ఆ గింజలను వేయించి, ఎండు మిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు వేసి దంచి కారం చేసేది. జొన్న రొట్టె మీద ఆ పొడి, కాస్త నూనె. అదే భోజనం. 100 గ్రాముల అవిసెల్లో ఒమేగా-3 సుమారు 22 గ్రాములు, అంటే చియా కంటే ఎక్కువ. మాంసకృత్తులు దాదాపు సమానం. పీచు కాస్త తక్కువ. కాల్షియం కోసమైతే పొట్టు తీయని నువ్వులు చియాను దాటిపోతాయి. ధరలో మాత్రం అవిసెలు చియా దరిదాపుల్లోకి రావు.

అవిసె కథ కూడా చియా కథకు చెల్లెలే. 19వ శతాబ్దంలో బ్రిటన్‌లోని రంగుల పరిశ్రమల కోసం ఇండియా నుండి అవిసెలు ఓడల కొద్దీ తరలిపోయాయి. 1970ల ప్రారంభంలో దేశంలో సుమారు 20 లక్షల హెక్టార్లలో అవిసె సాగయ్యేది. ఇప్పుడు అందులో ఐదో వంతు కూడా లేదు. వంటనూనెల్లో సగానికి పైగా దిగుమతి చేసుకుంటున్న దేశం ఇది. అవిసెను కూడా ఎవరూ నిషేధించలేదు. గోధుమ, వరి పంటలకు నీరు, ఎరువులు, కొనుగోలు హామీ ఇచ్చిన రాజ్యం మిగిలిన వాటికి ఇవ్వలేదు, అంతే. 1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం పథకం ఎందరి ఆకలినో తీర్చింది. దానిని తక్కువ చేయడం అన్యాయం. కానీ రేషన్ సంచిలో బియ్యంతో పాటు జొన్నలు ఉండి ఉంటే మెట్ట రైతు చేను కూడా బతికి ఉండేది. అది అసాధ్యమేమీ కాదు. జహీరాబాద్ ప్రాంతంలోనే పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళా సంఘాలు 1990లలో బీడు భూములను సాగు చేసి, పండిన జొన్నలను ఊళ్ళోనే నిలవ చేసి, ఊరి పేదలకే చౌకగా పంచి చూపించాయి. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రపంచమంతా జరుపుకోవడానికి చాలా ముందే జరిగిన పని అది.

ఆ ఇంట్లో గిన్నెలు తోమే అమ్మాయి రోజూ ఆ గాజు గ్లాసును కూడా కడుగుతుంది. ఆరో నెల గర్భిణి. అడుగున అంటుకున్న గింజలను చూసి ఒక రోజు, "ఇవి తాగితే రక్తం వడ్తదా అమ్మా?" అని అడిగింది. టీచరమ్మ వద్ద వెంటనే సమాధానం లేకపోయింది. దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ సగానికి పైగా దేశానికి కావలసినది గుడ్డు, పప్పు, ఆకుకూర, ఇనుము గోలీ, పని మధ్యలో విశ్రాంతి. వాటిని చెంచా కొలతతో ఎవరూ అమ్మలేరు కనుక వాటికి ప్రకటనలు లేవు. ఆరోగ్యం పౌరుడి హక్కు అయినచోట దవాఖానా గురించి, అంగన్‌వాడీ గురించి ప్రభుత్వాన్ని అడుగుతారు. ఆరోగ్యం కొనుగోలుదారుడి తెలివితేటలు అయినచోట ఏ ప్యాకెట్ మంచిదని ఒకరినొకరు అడుగుతారు. మధ్యతరగతి మొదటి ప్రశ్న అడగడం మానేసి చాలా కాలమైంది.

చియా మీద కోపగించుకోవలసిన పని లేదు. అది మంచి గింజ. అజ్టెక్ రైతు పళ్ళెంలో అది మొక్కజొన్నతో, బీన్స్‌తో కలిసి ఉండేది. ఆ పళ్ళెం నుండి విడదీసి, నేల నుండి విడదీసి, పండించిన వాడి పేరు చెరిపేసి ఒంటరిగా నిలబెడితే, అది చేయగలిగినంత మాత్రమే చేస్తుంది.

ఇప్పుడు ఆ ఇంట్లో పొద్దున్నే గ్లాసు నానుతూనే ఉంటుంది. దాని పక్కనే గోలీల డబ్బా ఉంటుంది. కోడలే లెక్క చూసి ఇస్తుంది. ఊరి నుండి తెప్పించిన అవిసెలతో దంచిన కారం సీసా భోజనాల బల్ల మీదికి చేరింది. సోమవారం నాడు టీచరమ్మ గిన్నెలు తోమే అమ్మాయిని వెంటబెట్టుకుని రెండు వీధుల అవతలి అంగన్‌వాడీకి నడిచి వెళ్ళారు. ఆ అమ్మాయి పేరు రాయించి, గుడ్డు, పాలు రోజూ ఎన్ని గంటలకు ఇస్తారో కనుక్కుని, ఆ సమయానికి ఆమెను పని నుండి వదలాలని కోడలికి చెప్పారు.

"గంట ఆలస్యమైతది గద అత్తమ్మా," అంది కోడలు.

"కానియ్ బిడ్డా. గా గంటసేపు గిన్నెలు నేను తోముత," అన్నారావిడ.